నూర్ కాపాడిన అమానత్

ఆడవారి నోట నువ్వుగింజ నానదన్న సామెత తెలుగునాట తరతరాలుగా వినబడుతున్నది. మెట్టుగూడ వీధుల్లోనే కాదు, మన ఇళ్ళలో సైతం దానిని నవ్వుతూ వల్లిస్తుంటాము. వల్లించేవారిలో స్త్రీలూ ఉన్నారు. చరిత్ర ఇచ్చే సాక్ష్యం మాత్రం ఇందుకు పూర్తిగా భిన్నం.

హిజ్రత్ ఘట్టాన్నే తీసుకుందాం. దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర) సౌర్ గుహలో తలదాచుకున్న వేళ ఆ రహస్యం ఎరిగినవారు బహు కొద్దిమంది. వారిలో హజ్రత్ అస్మా (ర) ఒకరు. ప్రయాణపు ఆహారాన్ని మూటగట్టడానికి త్రాడు లేకపోగా ఆమె తన నడికట్టునే రెండుగా చీల్చారు. తండ్రి ఎక్కడని గద్దిస్తూ అబూజహల్ చెంపపై కొట్టగా చెవిపోగు ఊడిపడిందని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. అయినా ఆమె ఆచూకీ చెప్పలేదు.

పదమూడు శతాబ్దాల తరువాత ఇటువంటి పరీక్షే నూర్ ఇనాయత్ ఖాన్‌కు ఎదురైంది. ఆ కుటుంబానికి మన హైదరాబాదుతో అనుబంధం ఉంది. టిప్పు సుల్తాన్ వంశీయులైన ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ సంగీత విద్వాంసులుగా ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణ పొందారు. ఇక్కడే సయ్యద్ అబూ హాషిమ్ మదనీ వద్ద శిష్యరికం చేసి, 1910లో పడమటి దేశాలకు తరలివెళ్ళారు. నూర్ 1914లో మాస్కోలో జన్మించి, పారిస్ సమీపంలో పెరిగారు. పిల్లలకు కథలు వ్రాసే మృదుస్వభావి.

1940లో జర్మనీ ఫ్రాన్సును ఆక్రమించగా కుటుంబం బ్రిటన్ చేరింది. నూర్ అక్కడి వైమానిక దళపు మహిళా విభాగంలో చేరి వైర్‌లెస్ విద్య నేర్చారు. రెండు నాలుకల వ్యవహారం గిట్టని ఈమె గూఢచర్యానికి పనికివస్తుందా అని శిక్షకులలో కొందరు సందేహించారు. అయినప్పటికీ 1943 జూన్‌లో ఆమెను రహస్యంగా ఫ్రాన్సులో దించారు. శత్రు ఆక్రమణలోని ఆ దేశానికి బ్రిటన్ పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. కొద్దిరోజులకే సహచరులు వరుసగా పట్టుబడ్డారు. తిరిగి రమ్మని లండన్ కోరినా ఆమె అంగీకరించలేదు. మూడు నెలలకు పైగా చోటు మారుస్తూ సందేశాలు పంపారు. అక్టోబరులో నమ్మకద్రోహం వల్ల శత్రువులకు చిక్కారు. నెలల తరబడి సంకెళ్ళలో ఉంచి, 1944 సెప్టెంబరు 13న డాఖౌ నిర్బంధ శిబిరంలో కాల్చిచంపారు. విచారణలో ఆమె తన తోటివారిని పట్టివ్వలేదు. 1949లో బ్రిటన్ ఆమెకు జార్జ్ క్రాస్ ప్రకటించింది.

ఈ గాథలో ఒక చేదు నిజం కూడా ఉంది. ఆమె పెదవి దాటని రహస్యాలు, సందేశాల నకళ్ళున్న నోటుపుస్తకం ద్వారా శత్రువుకు అందాయి. వాటి ఆసరాతో ఆమె పేరిట దొంగ సందేశాలు పంపి మరికొందరిని వలలో వేశారు. అమానత్‌ను నోటితోనే కాదు, చేతితోనూ కాపాడుకోవాలని ఇది బోధిస్తున్నది.

నేడు మన చేతిలో నోటుపుస్తకానికి బదులు సెల్‌ఫోన్ ఉంది. ఆప్తురాలు నమ్మి పంపిన మాటను, ఫోటోను మరొకరికి పంపడం క్షణంలో పని. ఒకరు మాట చెబుతూ అటూ ఇటూ చూస్తే చాలు, ఆ మాట అమానత్ అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఒకరి గుట్టు మరొకరు కూపీ లాగరాదని అల్ హుజురాత్ సూరా వారిస్తున్నది. యుద్ధకాలపు గూఢచర్యం వేరు, కోడలి ఫోను వెదకడం వేరు.

బాలుడైన హజ్రత్ అనస్ (ర)ను దైవప్రవక్త (స) ఒక పనిపై పంపారు. ఆలస్యంగా ఇల్లు చేరిన కుమారుణ్ణి తల్లి ఉమ్మె సులైమ్ (ర) కారణమడిగారు. అది రహస్యమని బాలుడు బదులిచ్చాడు. ఆ తల్లి గుచ్చిగుచ్చి అడగలేదు. ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని హితవు పలికారు. అమానత్ పాఠం ఆరంభం కావలసినది అటువంటి తల్లి ఒడిలోనే. ఆ భాగ్యాన్ని అల్లాహ్ మన ఇళ్ళకు ప్రసాదించుగాక! ఆమీన్.