చెరువు మాటలు – ప్రాచ్యకళాశాల చదువు

నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రం నేటికీ నీటిని నిలుపుతున్నది. పచ్చల సోమేశ్వరాలయ ప్రాంగణంలో శాసనాలున్నాయి. డిగ్రీ విద్యార్థి వీటిని గురించి పుస్తకంలో చదివి పరీక్ష వ్రాస్తాడు. చెరువు కట్ట ఎక్కడు. 'తూము' ధాన్యపు కొలత, నీరు వదిలే ద్వారం కూడా. శాసనంలో ఏ అర్థం కుదురుతుందో తేల్చడానికి నిఘంటువు ఒక్కటే చాలదు. మత్తడి ఎంత ఎత్తున ఉండాలో, శిఖం భూమి ఎందాకనో ఎరిగినవాడు నీరటి. ఆ వృత్తి క్షీణించింది. ఆ మాటలెరిగిన వృద్ధులూ తగ్గిపోతున్నారు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వెలువడిన 'మాండలిక వృత్తిపదకోశం' తొలి సంపుటానికి ఆధారం రైతుల నోటి మాటలే. ఆ పనిని పరిశోధకులకే విడిచిపెట్టడం సబబు కాదు. డిగ్రీ మూడవ యేట ఒక వ్రాతపరీక్షకు బదులు, విద్యార్థి తన ఊరి చెరువు పదాలను సేకరించి అర్థనిర్ణయం చేస్తే దానికి పూర్తి మార్కులివ్వాలి. (ఒక పూట బస్సులో వెళ్లి రావడం విహారయాత్ర మాత్రమే.) మాట చెప్పినవారి పేరు అందులో ఉండాలి, ఒక ప్రతి గ్రామపంచాయతీకి చేరాలి. పాలమూరు పిల్లవాడు ఇంటినుండి తెచ్చిన మాటను తప్పని దిద్దడానికి అలవాటుపడిన బోధనలో ఇందుకు చోటు సులభంగా దొరకదు.