మాడ్యూలు పేర్ల మార్పును పాఠపరిష్కరణమును

పదసూచికలు కూర్చుట, ప్రయోగముల లెక్క కట్టుట, నిఘంటువుల ఆరోపములను అకారాదిగా అమర్చుట మున్నగు పనులకు భాషాశాఖలు నేడు కంప్యూటరు ప్రోగ్రాముల నాశ్రయించుచున్నవి. ఇట్టి పనులకు పైథాన్ భాష మిక్కిలి వాడుకలో నున్నది. దాని మూడవ కూర్పు 2008 డిసెంబరు 3వ తేదీన వెలువడెను. రెండవ కూర్పునకు పోషణ 2020 జనవరి 1వ తేదీతో ముగిసెను. ప్రాత ప్రోగ్రాములను క్రొత్త కూర్పునకు మార్చు పనిని యంత్రమునకే అప్పగించుట పరిపాటియైనది. ఆ మార్పును ఒక పరిష్కర్త చేసిన సవరణవలె పరీక్షింపవలెను. ప్రోగ్రాము నడచినది గదా యని ఊరకుండుట శాస్త్రమర్యాద కాదు.

ప్రోగ్రాము తనకు వలసిన సాధనములను ఏ మాడ్యూలునుండి తెచ్చుకొనునో తెలుపు వాక్యములు సాధారణముగా దాని మొదట నుండును. వీనిని దిగుమతి వాక్యములనవచ్చును. మూడవ కూర్పు సిద్ధమైనపుడు ప్రామాణిక లైబ్రరీని సవరించి పలు మాడ్యూళ్లకు పేర్లు మార్చిరి. ‘క్యూ’ అను పేరులోని మొదటి పెద్ద అక్షరము చిన్నదయ్యెను. ‘హెచ్‌టీఎంఎల్‌పార్సర్’ అనునది ‘హెచ్‌టీఎంఎల్’ సంపుటిలోని ‘పార్సర్’గా మారెను. ‘యూఆర్ఎల్‌లిబ్2’లోని సాధనములు ‘రిక్వెస్ట్’, ‘ఎర్రర్’ అను రెండు భాగములలో చేరెను. టూ-టు-త్రీ అను పనిముట్టు ఈ పేర్ల జాబితాను తనయందుంచుకొని, ప్రాత దిగుమతి వాక్యములను వెదకి తిరిగి వ్రాయును. అది వాక్యనిర్మాణమును విడదీసి చూచును గనుక, వ్యాఖ్యలలో అదే పదము కనిపించినను దాని జోలికి పోదు. వందల ఫైళ్లలో మనుష్యుని కన్ను దాటిపోవు తావులను అది విడువదు. ఈ ప్రయోజనమును కాదనువారుండరు.

అయితే పేరు మారిన ప్రతిచోట అర్థము నిలిచియుండునని చెప్పరాదు. ప్రాత కూర్పులోని ‘స్ట్రింగ్‌ఐఓ’ బైట్లనైనను యూనికోడ్ పాఠమునైనను స్వీకరించెడిది. పనిముట్టు దానికి మారుగా ‘ఐఓ’ మాడ్యూలును చేర్చును. ఇందలి స్ట్రింగ్‌ఐఓ పాఠమును మాత్రమే గ్రహించును. బైట్లకు వేరుగా ‘బైట్స్‌ఐఓ’ కలదు. ప్రోగ్రాము రచయిత దేని నుద్దేశించెనో పేర్ల జాబితాకు తెలియదు. అయినను ఇచట బైట్లు వచ్చిపడినచో ప్రోగ్రాము ఆగిపోవును. ఆగినది గనుక దోషము బయటపడును.

పేరు మారకయే అర్థము మారినచోట ప్రమాదము హెచ్చు. ఒకప్పుడు స్త్రీపురుషులిరువురి వస్త్రమునకును చెల్లిన ‘చీర’ నేడు స్త్రీల వస్త్రమునకే పరిమితమైనది. ఒకప్పుడు సువాసనను సైతము తెలిపిన ‘కంపు’ నేడు దుర్వాసనయే. ప్రాచీన కావ్యమును నేటి అర్థముతో చదువువాడు తడబడక చదువుచునే తప్పుదారి పట్టును. ప్రోగ్రాములలోను ఇట్టిదే కలదు. యూటీఎఫ్-8 బైట్లుగా నున్న ‘తెలుగు’ అను మాట పొడవును ప్రాత కూర్పు 18గా చెప్పును. క్రొత్త కూర్పు దానినే పాఠముగా గ్రహించి 6 అనును. చదువరి లెక్కలో అక్షరములు 3. పొడవు నడుగు ఆజ్ఞ మాత్రము రెండు కూర్పులలోను ఒక్కటియే.

పదములను వెదకుటకు వాడు ‘ఆర్ఈ’ మాడ్యూలు పేరును మారలేదు. కావున పనిముట్టు దాని దిగుమతి వాక్యమును ముట్టదు. అందు పదాక్షరమును సూచించు గుర్తొకటి కలదు. బైట్లుగా నున్న తెలుగు పాఠమున ప్రాత కూర్పు ఆ గుర్తునకు ఒక్క తెలుగక్షరమునైనను పట్టియీయదు. క్రొత్త కూర్పు హల్లులను పట్టియిచ్చును గాని, గుణింతపు గుర్తులను పదాక్షరములుగా గణింపదు. అందుచే ‘తెలుగు’ అను మాట త, ల, గ అను మూడు తునకలగును. పట్టిక శూన్యముగా వచ్చినచో పండితుడు శంకించును. నిండుగా వచ్చినచో నమ్మును. అట్టి పట్టికపై వ్యాసములు, వ్యాసములపై సిద్ధాంతములు నిలుచును.

పేర్లు మార్చుటయే పనిముట్టు బాధ్యత గాని అర్థము దాని బాధ్యత కాదని కొందరనవచ్చును. అది నిజమే. అందుచేతనే ఆ బాధ్యత వాడువారిపై పడుచున్నది. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను తెలుగు కావ్యముల ప్రతులను సేకరించి, పండితులచేత సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. తెలుగు శాఖలకు ప్రతుల తులనము క్రొత్త విద్య కాదు. దానిని ప్రోగ్రాములకును వర్తింపజేయవలెను. మార్పునకు పూర్వమున్న ఫైలును మాతృకగా భద్రపరచవలెను. చేతితో లెక్కించి నిర్ణయించిన చిన్న పాఠమునొకదానిని రెండు కూర్పులలోను నడిపి ఫలితములను సరిపోల్చవలెను. భేదము కనిపించిన ప్రతిచోట కారణమును వ్రాసియుంచవలెను. ఇందుకై రెండవ కూర్పు శాఖలో చివరిదిగా 2020 ఏప్రిలులో వెలువడిన 2.7.18ని దాచియుంచుట మేలు.

ఈ పని ఒక్కమారుతో తీరునది కాదు. 2021లో వెలువడిన 3.10లో, ‘కలెక్షన్స్’నుండి నేరుగా తెచ్చుకొనుచుండిన ‘మ్యాపింగ్’ వంటివి తొలగి, ‘కలెక్షన్స్’లోని ‘ఏబీసీ’ భాగమునుండియే లభించుచున్నవి. 2023లో వెలువడిన 3.12లో ‘డిస్ట్‌యుటిల్స్’ తొలగెను. 2024 అక్టోబరులో వెలువడిన 3.13లో ‘సీజీఐ’ మున్నగు 19 మాడ్యూళ్లు తొలగెను; వానితోపాటు టూ-టు-త్రీ పనిముట్టును ప్రామాణిక పంపిణీనుండి తొలగించిరి. మార్చు పనిముట్టే మారిపోవుచుండగా శాఖకు నిలుచు ఆధారము దాని సొంత పరీక్షాపాఠమే. ప్రచురించు ప్రతి పట్టిక పీఠికలోను, ప్రోగ్రాము ఏ కూర్పులో నడచినదో, యంత్రము సవరించిన తావులను ఎవ్వరు సరిచూచిరో తెలుపుట ఇకమీద నియమము కావలెను.