ఔషధము, దాని వెల

మన బిడ్డలనేకులు అమెరికాలో కాపురము సేయుచున్నారు గావున, అచటి వైద్యపు సంగతి మనమును దెలిసికొనదగినది. మధుమేహులకు సంజీవనియగు ఇన్సులినును కనుగొనినవారు 1923లో దానిపై హక్కును టొరంటో విశ్వవిద్యాలయమునకు తలకొక డాలరునకే యిచ్చివేసిరి. అట్టి మందు వెల అమెరికాలో మిన్నంటగా, కొందఱు మోతాదు తగ్గించుకొని ప్రాణము మీదికి దెచ్చుకొనిరి. 2022 నాటి చట్టము, మెడికేరను ప్రభుత్వ బీమా గల వృద్ధులు మొదలగువారు ఒక్కొక్క ఇన్సులినునకు నెలకు 35 డాలర్లకు మించి చెల్లింపనక్కఱలేదని కట్టడి చేసెను. తక్కినవారికి ఆ కట్టడి వర్తింపదు. పిమ్మట తయారుచేయువారును వెల తగ్గించిరి. కాని వారి యిష్టముపై నిలిచినది రక్షణ యనిపించుకొనదు. పెద్దలకు వడ్డించి పసివాండ్రను మఱచు గృహిణి గలదా? వైద్యమెంత మేలైనదైనను, అందఱకు నందినప్పుడే సార్థకమని మేము తలంచెదము.