ఏకలవ్యుని విద్యయు ఫ్యాన్ గేములును

వీడియో గేములన్న మాట వినబడినంతనే మన పెద్దలలో ననేకులు మొగము చిట్లింతురు. అవి కాలహరణము చేయుననియు, కన్నులకు చేటనియు, చదువునకు శత్రువులనియు వారి యభియోగము. ఇందు సత్యము లేకపోలేదు. ఆటకు కూర్చుండిన బాలుడు అన్నమునకు పిలిచినను లేవకుండుట పెక్కిండ్లలో చూచుచున్నదే. అయినను ఆటలయందలి ప్రీతి కొందరిని ఆడుటతో నిలువనీయక, అట్టి యాటను తామే కూర్చుటకు పురికొల్పుచున్నది. ప్రసిద్ధమైన యొక యాటలోని పాత్రలను, లోకమును గైకొని అభిమానులు తమ వేడుకకై కూర్చు క్రొత్త ఆటలకు ఫ్యాన్ గేములని పేరు. ఈ వ్యాపకము విద్యార్థికి తగినదా, కాదా? తగినదే యనియు, అయితే కొన్ని కట్టుబాట్లతో మాత్రమే తగినదనియు నా యభిప్రాయము.

ఆడుటకును కూర్చుటకును గల భేదమును మొదట గ్రహింపవలెను. తెరమీది బొమ్మ గోతిని దాటి దూకుట చూచువానికి వేడుక, కూర్చువానికి లెక్క. సాధారణముగా సెకనునకు 60 మారులు కంప్యూటరు ఆ లెక్కను చేయవలెను. ప్రతి మారును ఆటగాడు ఏ మీట నొక్కెనో చూడవలెను. బొమ్మ వేగమునకు భూమ్యాకర్షణమును కలుపవలెను. కాలిక్రింద నేల తగిలినదో లేదో పరీక్షింపవలెను. పిదప చిత్రమును మరల గీయవలెను. మన గ్రాఫు కాగితముమీద నిలువు కొలత క్రిందినుండి పైకి పెరుగును. కంప్యూటరు తెరమీద సాధారణముగా పైనుండి క్రిందికి పెరుగును. ఈ సంగతి మరచి ధనసంజ్ఞకు బదులు ఋణసంజ్ఞ వ్రాసినచో బొమ్మ మింటి కెగసి మరలి రాదు. పరీక్షలో తప్పిన లెక్కకు ఉపాధ్యాయుడు ఎఱ్ఱగీత గీయువరకు వేచియుండవలెను. ఇక్కడ తప్పు తనంతట తానే కన్నులయెదుట నిలుచును.

ఉదాహరణమునకు సోనిక్ ఆటను చూడుడు. 1991లో సెగా సంస్థ వెలువరించిన ఆ యాటలో నీలివర్ణపు ముళ్లపంది యొకటి వంపు నేలలపై పరుగెత్తును. ఏటవాలున దిగునపుడు దాని వేగము హెచ్చును, ఎక్కునపుడు తగ్గును. ఈ హెచ్చుతగ్గులకు మూలము నేల వాలుకోణముయొక్క సైను విలువ. అభిమానులు ఆ యాటను విప్పి పరిశీలించి, ఈ సూత్రములను వివరముగా వ్రాసి ఒకరికొకరు అందించుకొనిరి. త్రికోణమితి యెందులకు పనికివచ్చునని అడుగు బాలునకు ఇంతకంటె చక్కని సమాధానము దొరకుట యరుదు.

ఇతరులు సృజించిన పాత్రలను తీసికొనుట హీనమైన అనుకరణము కాదా యని యొక ఆక్షేపణము కలదు. అనుకరణమే విద్యకు తొలిమెట్టు. చేవ్రాత నేర్చు బాలుడు గురువు వ్రాసిన యక్షరములనే దిద్దును. రామకథ నొక్కదానినే రంగనాథ రామాయణ, భాస్కర రామాయణ, మొల్ల రామాయణములుగా మన కవులు మరల మరల చెప్పిరి. అందువలన వారికి గౌరవమేగాని కొరత రాలేదు. కాని యొక భేదమును దాచరాదు. రామకథ సర్వజనుల సొత్తు. నేటి ఆటలలోని పాత్రలకు యజమానులు కలరు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో, కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్యకృతులలో చేర్చి రక్షించుచున్నది. ధనము తీసికొనకుండ ఉచితముగా పంచినంతమాత్రమున యజమానుని హక్కు తొలగిపోదు.

భారతకథలో ద్రోణుడు నేర్పనొల్లని విద్యను ఏకలవ్యుడు మట్టిబొమ్మను ఎదుట నిలుపుకొని స్వయంకృషిచే నేర్చెను. ఫ్యాన్ గేములు కూర్చువాని విద్యయు నట్టిదే. అతని యెదుట గురువు లేడు. గురువు చేసిన ఆట మాత్రమే యున్నది. ఇట్టి శిష్యుడొక డున్నాడని గురువునకు తెలియనే తెలియదు. తెలిసిన దినమున ఏ దక్షిణ అడుగునో యనునదే ప్రశ్న.

కొందరు గురువులు శిష్యుని చేరదీసిరి. ఆస్ట్రేలియా దేశీయుడగు క్రిస్టియన్ వైట్‌హెడ్ సోనిక్ అభిమానిగా ఆటలు కూర్చుచు, వానిని నడపు యంత్రాంగమును సైతము తానే వ్రాసికొనెను. సోనిక్ సీడీ యను పూర్వపు ఆటను క్రొత్త యంత్రములకు అనువుగా తీర్చు పనిని సెగా వా రతని కొప్పగింపగా, అది 2011లో వెలువడెను. 2017లో వెలువడిన సోనిక్ మేనియా యను ఆటను అతడును, అతనివంటి మఱికొందరు అభిమానులును కలిసి నిర్మించిరి. 2012లో సింగపూరునకు చెందిన యొక అభిమాని మెగామాన్ పాత్రతో కూర్చిన ఆటను క్యాప్‌కామ్ సంస్థ ఆదరించి, తానే ఉచితముగా లోకమున కందించెను.

కొందరు బొటనవ్రేలు నడిగిరి. అర్జెంటీనా దేశీయుడగు మిల్టన్ గ్వాస్టి, 1991 నాటి మెట్రాయిడ్ 2 అను ఆటను ఏండ్లతరబడి శ్రమించి క్రొత్త చిత్రములతో పునర్నిర్మించి, 2016 ఆగస్టు 6వ తేదీన ఉచితముగా విడుదల చేసెను. స్వల్పకాలములోనే నింటెండో సంస్థ తన హక్కును చూపి దాని పంపకమును ఆపించెను. మరుసటి యేట ఆ సంస్థయే ఆ పాత యాటకు తన సొంత పునర్నిర్మాణమును విక్రయమునకు తెచ్చెను. ఆ సంస్థ చేసినది న్యాయవిరుద్ధమని చెప్పజాలము. తన సొత్తును తాను కాపాడుకొనెను. అయితే హక్కు వేరు, ఔచిత్యము వేరు. ఏండ్లకొలది శ్రమ ముగిసిన పిదప ఆపుటకంటె హద్దులను ముందే తెలుపుట మేలు. జపాను దేశమున తోహో అను ఆటల కర్త, అభిమానులు తన పాత్రలతో ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో నియమములు ప్రకటించి వారికి చోటిచ్చియున్నాడు. ఇతర యజమానులును ఈ మార్గము నవలంబించిన బాగుండును.

అయితే ఏకలవ్యునకు జరిగిన నష్టము గ్వాస్టికి జరుగలేదు. అతని ఆటను ఆపగలిగిరి గాని, నేర్చిన విద్యను ఎవ్వరును తీసికొనజాలకపోయిరి. 2020లో వెలువడి మన్ననల నందిన ఓరి అండ్ ది విల్ ఆఫ్ ది విస్ప్స్ అను ఆట నిర్మాణమున అతడు పాల్గొనెను. ఈ వ్యాపకమున స్థిరమైన లాభము కూర్చిన ఆట కాదు, కూర్చుటవలన అబ్బిన నేర్పు.

కావున, విద్యార్థి మిత్రులారా, ఈ పనికి పూనుకొనువారు నాలుగు నియమములు పాటింపుడు. మొదటిది, చిన్నదానిని తలపెట్టి ముగింపుడు. సగములో నిలిచిన మహాకార్యముకంటె ముగిసిన యొక్క రంగము మేలు. రెండవది, మూలకర్త పేరు స్పష్టముగా చెప్పుడు. అతని చిత్రములను, సంగీతమును ఎత్తి పెట్టుకొనక మీ చేతితో గీయుడు, మీరే స్వరములు కూర్చుడు. మూడవది, ఒక్క పైసయైనను తీసికొనకుడు. యజమాని వలదన్నచో తగవులాడక విరమింపుడు. నాలుగవది, పరుల యింట కలకాలము ఉండిపోకుడు. 2015లో అండర్‌టేల్ అను స్వతంత్రమైన ఆటను రచించి పేరుగాంచిన టోబీ ఫాక్స్, అంతకు ముందు 2008లో ఎర్త్‌బౌండ్ అను ఇతరుల ఆటను మార్చి తన వేడుక తీర్చుకొనినవాడే. పరుల యింట నేర్చినదానితో తన యిల్లు తాను కట్టుకొనెను. స్క్రాచ్, గోడో వంటి పనిముట్లు ఉచితముగా లభించుచున్నవి, లోపము పూనికయందే.

తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును ఒక్క మనవి. బాలుడు తెర యెదుట ఎంతసేపు కూర్చుండెనని మాత్రమే విచారించి ఊరకుండకుడు. ఏమి చేసినావో చూపుమని అడుగుడు. చూపుటకు ఏమియు లేనిచో మందలింపుడు. అది మీ ధర్మము. వంకరటింకరగా నైనను దూకు బొమ్మ యొకటి చూపినచో, ఆ దూకుడు వెనుక లెక్క యేమని మరల అడిగి, చెప్పినది ఓపికతో వినుడు. మట్టిబొమ్మ నెదుట నిలుపుకొని నేర్చుకొను పిల్లలు మన యిండ్లలోను ఉండవచ్చును. వారికి ఎదుట నొక మనిషి కూడ నుండుట మేలు.