గర్భిణుల దంతరక్షణ

సంపాదకులకు,

అయ్యా,

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో గర్భిణులను ఉచితముగా పరీక్షించు పద్ధతి 2016లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పేరిట ఆరంభమైనది. సామాన్య కుటుంబాలకు ఇది చాల ఉపకరించుచున్నది. అయితే నాకు అనుభవములోనికి వచ్చిన ఒక లోటును మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేగోరుచున్నాను.

గత సంవత్సరము మా చిన్నమ్మాయి తొలికాన్పుకై ఏడవ నెలలో బరంపురములోని మా యింటికి వచ్చినది. 9వ తేదీన ఒక కేంద్రమునకు తీసికొని వెళ్లినాను. బరువు తూచినారు, రక్తపుపోటు చూచినారు, రక్తము, మూత్రము పరీక్షించినారు. నోరు తెరువమన్నవారు మాత్రము లేరు. నాలుగవ నెలనుండియే ఆమెకు దవడపన్ను సలుపుచున్నది. అత్తవారి ఊరిలో ఒక దంతవైద్యుడు కాన్పయిన తరువాత రమ్మని పంపివేసినాడట. కడుపుతో ఉండగా పన్ను ముట్టుకొనరాదని మా యింటి పెద్దలు కూడ అన్నారు. వారిలో నేనును ఒకడను. పదిరోజులలో దవడ వాచి, జ్వరము తగిలి, గంజి కూడ మ్రింగలేకపోయినది. చివరకు వేరొక వైద్యుడు చిగురుకు మత్తుసూది వేసి పన్ను తీసినాడు. తల్లీ బిడ్డా క్షేమము. కాని నాలుగవ నెలలోనే చూపియుంటే పన్ను దక్కెడిదని ఆయన అన్న మాట నన్ను నేటికీ బాధించుచున్నది.

తరువాత విచారించగా తెలిసిన సంగతులు ఇవి. గర్భిణుల శరీరములో హార్మోనులు పెరుగుటచే చిగుళ్లు వాచి, పండ్లు తోముకొనునప్పుడు రక్తము వచ్చును. వేవిళ్లలో వాంతులతో వచ్చు పులుసు పంటి పైపొరను తినివేయును. వాంతియైన వెంటనే పండ్లు తోమక, చిటికెడు తినే సోడా కలిపిన నీటితో పుక్కిలించి, కొంతసేపాగి తోముకొనవలెను. బిడ్డ తల్లి పండ్లలోని సున్నమును లాగుకొనునను మాట నిజము కాదు. చికిత్సకు నాలుగు మొదలు ఆరవ నెల వరకు అనుకూలము. నొప్పి, వాపు ఉన్నప్పుడు ఏ నెలలోనైనను ఆలస్యము చేయరాదు. అయితే మందులు డాక్టరు చెప్పినవే వాడవలెను. టెట్రాసైక్లిన్ బిడ్డ పండ్లకు రంగు పట్టించును.

చిగుళ్ల జబ్బు గల 800కు పైగా గర్భిణులపై అమెరికాలో జరిపిన పరిశీలన ఫలితములు 2006లో వెలువడినవి. చిగుళ్లకు చికిత్స చేసినందువలన నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. అయితే తల్లికిగాని బిడ్డకుగాని చికిత్సవలన హాని కలుగలేదు. మన భయమునకు ఇంతకన్న సమాధానము ఏమి కావలెను?

ఒడిశాలో మరియొక బెడద గుడాకు. పొగాకు, బెల్లపుమడ్డి కలిపిన ఈ ముద్దతో పండ్లు తోముకొను ఆడవారు ఎందరో ఉన్నారు. పంటినొప్పికి ఇదే మందని కొందరి నమ్మకము. గర్భిణి పొగాకు వాడినచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టు ప్రమాదమున్నది.

జాతీయ దంతారోగ్య కార్యక్రమము 2014లోనే వచ్చినది. కాబట్టి కొత్త పథకము అక్కరలేదు. 9వ తేదీన నర్సు ఒక టార్చిలైటుతో నోరు చూచి, అవసరమైనవారిని దంతవైద్యుని వద్దకు చీటీ వ్రాసి పంపిన చాలును. ఆ చీటీతో వచ్చినవారిని కాన్పు తరువాత రమ్మని త్రిప్పి పంపరాదు. ఒడియా చదువరాని మన ఆడవారికి ఈ సంగతులు తెలుగులో చెప్పు ఏర్పాటు కూడ ఉండవలెను.

ఇక ఇంటి పెద్దలకు నా మనవి ఒక్కటే. సీమంతమునకు ముహూర్తము చూచునప్పుడే అమ్మాయి పండ్లు కూడ ఒకసారి వైద్యునికి చూపించుడు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం, గంజాం జిల్లా.