మాట్లాడే ఇంగ్లిష్ వేరు, చదువు ఇంగ్లిష్ వేరు

కోర్సు ఇంగ్లిష్ మాధ్యమంలో ఉన్నా విద్యార్థులను స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వాలని యూజీసీ 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను కోరింది. మంచి మాటే. కానీ హోసూరులో స్థానిక భాష అంటే తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో రాష్ట్ర భాషలో చదివి, ముప్పై దాటాక దూరవిద్యలో చేరే మనవాళ్లకు ఇంగ్లిష్ నిజానికి మూడో భాష. వాళ్లు ఆగిపోయేది అక్కడే.

దీనికి మన సంఘాల్లో వినిపించే జవాబు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. అది ఇంటర్వ్యూకు పనికొస్తుంది, అసైన్‌మెంటుకు చాలదు. రోజువారీ మాటల భాష, చదువు భాష ఒకటి కావని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పారు. వలస కుటుంబాల పిల్లలకు మొదటిది రెండేళ్లలో వచ్చినా, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని తేల్చారు. పెద్దలకు ఆ లెక్క అచ్చంగా వర్తించకపోవచ్చు. తేడా మాత్రం వాళ్లకూ ఉంది.

'ధరలు పెరిగాయి, అందుకే జనం తక్కువ కొన్నారు' అని మనం అంటాం. పాఠ్యపుస్తకం 'ధరల పెరుగుదల కొనుగోళ్ల తగ్గుదలకు దారితీసింది' అంటుంది. క్రియలన్నీ నామవాచకాలైపోతాయి. హవెవర్, దేర్‌ఫోర్, వేరాజ్ లాంటి మాటలు వాదన ఎటు తిరిగిందో చెబుతాయి. వాటిని దాటేస్తే మిగతా పదాలన్నీ తెలిసినా పేరా అర్థం కాదు.

పదాల భారం భయపడినంత పెద్దది కాదు. ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో ఉన్నవి 570 పద కుటుంబాలు. అనలైజ్, కాన్సెప్ట్, ఫ్యాక్టర్, సిగ్నిఫికెంట్ వంటివి ఏ సబ్జెక్టులోనైనా ఎదురవుతాయి. వారానికి పది చొప్పున నేర్చుకుంటే ఏడాది దాటి కొన్ని వారాల్లో పూర్తవుతాయి.

వాటిని దేనితో ముడిపెట్టి గుర్తుంచుకోవాలన్నదే అసలు ప్రశ్న. విశ్లేషణ, ప్రభావం, కారణం వంటి మాటలు తెలుగు, కన్నడం, ఒడియా, మరాఠీలకు ఉమ్మడి ఆస్తి. ఆ భాషల్లో బాగా చదివినవారికి అనలైజ్ అంటే ఏమిటో కొత్తగా నేర్పనక్కర్లేదు, పేరు మార్చి చెబితే చాలు. ఒక భాషలో సంపాదించిన చదువు నైపుణ్యం మరో భాషకు అందివస్తుందన్నది కూడా కమిన్స్ వాదనే. తమిళంలో చదివినవారికి తమిళమే ఆ వంతెన. ఏ భాషలోనూ గట్టిగా చదవనివారికి వంతెనే ఉండదు.

'ఇంగ్లిష్ రావాలంటే తెలుగు మానిపించాలి' అనే మన తల్లిదండ్రులు గమనించాల్సింది ఇదే. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యి, తెలుగు ఐచ్ఛిక స్థానానికి జరిగింది. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్ల ప్రాయంలో ఉన్నారు. తెలుగు మాట్లాడటమే తప్ప చదవలేనివారు వాళ్లలో ఊరూరా కనిపిస్తారు. తెలుగు తగ్గినంత మాత్రాన ఇంగ్లిష్ పెరగలేదు.

మన సంఘ భవనాలు చాలావరకు పండుగలకే తెరుచుకుంటున్నాయి. వారానికి రెండు సాయంత్రాలు వాటిని తెరుద్దాం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ చదవాలి, సారాంశాన్ని తెలుగులో చెప్పుకోవాలి, పుస్తకం మూసి ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు రాయాలి, మళ్లీ తెరిచి పోల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఉద్యోగం, ఇంటి పని రెండూ చూసుకునే ఆడవాళ్లను అడిగి వేళ నిర్ణయించాలి. మధ్యలో చదువు ఆగినవారిలో వాళ్లను మనం మొదట లెక్కపెట్టాలి.