ముఖమ్మీద రాత

షిరీన్ నెషాత్ ఫోటోలు చూపించి ‘చూడండి మీ ఆడవాళ్ల గతి’ అనే మిత్రులు మాకు తక్కువేం లేరు. వాళ్లలో చాలామంది మతతత్వాన్ని ఎదిరించేవాళ్లే. అందుకే వాళ్లతో ఈ పేచీ.

నెషాత్ 1957లో ఇరాన్‌లోని కజ్విన్‌లో పుట్టింది. చిన్నవయసులోనే చదువుకి అమెరికా పోయింది. మధ్యలో 1979 విప్లవం వచ్చిపడింది. 1990లో తిరిగెళ్లి చూస్తే తానెరిగిన దేశం లేదు. ఆ దెబ్బ నుంచే ‘అల్లా స్త్రీలు’ ఫోటోలు (1993-97) పుట్టాయి. నల్ల చాదర్, తుపాకీ. ముఖమ్మీద, చేతుల మీద, పాదాల మీద సిరాతో రాసిన ఫార్సీ అక్షరాలు.

ఆ అక్షరాలు చూసి ఖురాన్ అనుకున్నవాళ్లు పశ్చిమ దేశాల్లో ఉన్నారు. అయ్యా, అది కవిత్వం! ఒక ఫోటోలో కంటి చుట్టూ ఉన్నది ఫరూగ్ ఫరోఖ్‌జాద్ రాత. ఆడమనిషి కోరికని దాచకుండా రాసి, 32 ఏళ్లకే కారు ప్రమాదంలో పోయిన కవయిత్రి ఆమె. మరో ఫోటోలో తాహెరె సఫ్ఫార్‌జాదె. విప్లవాన్ని సమర్థించింది, ఖురాన్‌ని అనువదించింది. ఇద్దర్నీ నెషాత్ ఒకే చేత్తో రాసింది. చాదర్ లోపల ఇంత వాదన నడుస్తుంటే చదవడం రానివాళ్లకి అది నగిషీ! ఉర్దూ బోర్డు కనపడితే చాలు పాకిస్తాన్ గుర్తొచ్చేవాళ్ల మధ్య బతికే మాకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అలాగని ఆమెని నెత్తిన పెట్టుకోం. చాదర్ పక్కన తుపాకీ పెడితే న్యూయార్కు గ్యాలరీలో ఏమనుకుంటారో ఆమెకి తెలీదా? కానీ ‘టర్బులెంట్’ (1998) ముందు మా అనుమానం నిలవదు. ఎదురెదురుగా రెండు తెరలు. ఒకదాంట్లో మగవాడు రూమీ కవిత పాడతాడు, వెనక హాలు నిండా మగవాళ్లు. రెండోదాంట్లో ఆడమనిషి, ఖాళీ కుర్చీలు. విప్లవం తర్వాత ఇరాన్‌లో ఆడది మగవాళ్ల ముందు ఒంటరిగా పాడకూడదు. ఆమె గొంతెత్తుతుంది. మాట లేదు, భాష లేదు, ఉత్త గొంతు. అటు తెర మీది మగవాళ్లు నోరు మెదపకుండా వింటారు.

‘మగవాళ్లు లేని ఆడవాళ్లు’ సినిమాకి 2009లో వెనిస్‌లో ఉత్తమ దర్శకురాలి బహుమతి ఇచ్చారు. మూలం షహర్‌నూష్ పార్సీపూర్ నవల. అది రాసినందుకు ఆమెని ఇరాన్‌లో జైల్లో పెట్టారు. కథ జరిగేది 1953లో. అమెరికా, బ్రిటన్ గూఢచారులు కుట్రపన్ని మొసాద్దెగ్ ప్రభుత్వాన్ని కూల్చిన ఏడాది. చాదర్ గురించి గంటలకొద్దీ మాట్లాడే నోళ్లకి 1953 ఎందుకు గుర్తురాదు?

2022లో ఉడుపిలో తలమీద గుడ్డ ఉందని ఆడపిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపారు. అదే ఏడాది టెహ్రాన్‌లో ఆ గుడ్డ సరిగా లేదని పట్టుకెళ్లిన మహ్‌సా అమీని పోలీసుల చేతుల్లో చనిపోయింది. టెహ్రాన్ కోసం ఏడ్చి ఉడుపి దగ్గర మౌనం పాటించిన మిత్రులారా, ఉడుపి కోసం ఊరేగి టెహ్రాన్ పేరెత్తగానే ముఖం తిప్పుకున్న మా పెద్దలారా, మీ ఇద్దరికీ ఆ ఫోటోలు ఇవ్వం. మా మొహల్లాకి మేమే పట్టుకుపోతాం. మా అక్కచెల్లెళ్లకి ఫార్సీ రాదు. ఉర్దూ అక్షరం వచ్చినవాళ్లున్నారు. కూడబలుక్కుని చదువుతారు.